స్కార్ఫు సంగతి వేరు, సంఘం సంగతి వేరు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విజయవాడ. ఆటోనగర్‌లో నాకు చిన్న లేత్ షాపు ఉంది. పెద్దమ్మాయి డిగ్రీ సెకండియర్. మా ఇంట్లో మా అమ్మగానీ నా భార్యగానీ ఎప్పుడూ హిజాబ్ కట్టలేదు, పదిమందిలోకి వెళ్తే చీరకొంగు తలమీదికి లాక్కునేవాళ్లు, అంతే. మా పిల్ల పోయినేడాది నుంచి కట్టడం మొదలుపెట్టింది. మేం చెప్పలేదు. ఎందుకు బేటీ అంటే "నాకే కట్టుకోవాలనిపించింది అబ్బా" అంది. సరేలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఏదో విద్యార్థి సంఘంలో చేరింది. పోయిన నెల ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో కూర్చుని నినాదాలిచ్చింది. ఎవరో వీడియో తీసి, మా పిల్ల ఉన్న ముక్క మాత్రం కత్తిరించి, "మన బెజవాడలో కూడా మొదలుపెట్టారు" అని రాసి వాట్సాప్‌లో తిప్పారు. పక్క షాపుల వాళ్లు నవ్వుతూనే అడుగుతున్నారు, "ఏంటి భాయ్, అమ్మాయి మిలిటెంట్ అయిపోయిందంటగా" అని. కాలేజీ మాన్పించి పెళ్లి చేసెయ్యమంటున్నాడు మా బావమరిది. ఆ హిజాబ్ ఒక్కటి తీసేస్తే గొడవే ఉండదు కదా అంటాడు మా అబ్బాయి. పిల్లేమో "ఇది తీస్తేనే మామూలుగా చూస్తారంటే ఆ మామూలు నాకొద్దు" అంటోంది. చిన్నమ్మాయి ఈ ఏడు నీట్ రాస్తుంది, అక్కని చూసి అదీ కడుతోంది, పరీక్ష హాల్లోకి రానిస్తారో లేదో అని ఇంకో టెన్షన్. నన్నేం చెయ్యమంటారు?
ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: భాయ్, ముందు మీ బావమరిది మాట తేల్చేద్దాం, ఎందుకంటే మిగతావన్నీ మెల్లగా మాట్లాడుకోవచ్చు, అది మాత్రం ఒకసారి జరిగితే వెనక్కి రాదు. కాలేజీ మాన్పించొద్దు. పెళ్లి మాట ఇప్పుడు అసలే ఎత్తొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 1978లో నేను గుంటూరులో డిగ్రీ చదివేదాన్ని. ఆ ఏడు హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ అనే ఆవిడ మీద పోలీసులే అత్యాచారం చేశారనీ, అడగబోయిన ఆవిడ భర్త అహమద్ హుస్సేన్ వాళ్ల దెబ్బలకి చనిపోయాడనీ తెలిసి ఊళ్లకి ఊళ్లు భగ్గుమన్నాయి. మా హాస్టల్లో తెనాలి అవతల పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది, లెక్కల్లో మా అందరికంటే గట్టిది. ఆ పిల్ల రెండు జడలకీ రిబ్బన్లు కట్టుకుని ఊరేగింపులో ముందు వరసలో నడిచింది. ఎవరో చూసి వాళ్ల ఊళ్లో చెప్పారు (అప్పుడు వాట్సాప్ లేదు, బస్సు కండక్టర్లు ఉండేవాళ్లు). మూడో రోజు పొద్దున్నే వాళ్ల నాన్న వచ్చాడు, ఒక్క మాట మాట్లాడలేదు, ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించాడు. రెండు నెల్లలో పెళ్లి. ఆ పిల్ల ఏ తీవ్రవాదీ కాలేదు, గ్రాడ్యుయేటూ కాలేదు. ఇప్పుడు ఎక్కడైనా పెళ్లిళ్లలో కలిస్తే, "నువ్వు పెన్షన్ తీసుకుంటున్నావంటగా" అని అడుగుతుంది, ఆ తర్వాత ఇద్దరం వంటల గురించి మాట్లాడుకుంటాం.

ఇక వీడియో. మీరు పంపిన ముక్క చూశాను. పూర్తిది సంపాదించి మీరూ ఒకసారి చూడండి, షాపు మూసేశాక ప్రశాంతంగా కూర్చుని. మీ అమ్మాయి అరుస్తున్నది "బకాయిలు విడుదల చేయాలి" అని. ముక్క అంచుల్లో పక్కవాళ్ల మోచేతులూ బ్యానరు చివరా కనిపిస్తున్నాయి, వాళ్లూ అదే అరుస్తున్నారు. కాలేజీకి ప్రభుత్వం నుంచి డబ్బు రాకపోతే సర్టిఫికెట్లు ఆపేస్తారు, హాల్‌టికెట్ దగ్గర పేచీ పెడతారు, పేదింటి పిల్లలకి అది ఎంత బాధో మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే కత్తిరించినవాడికి ఆ పక్కనున్న పిల్లలు విద్యార్థులుగా కనిపించారు, మీ పిల్ల మాత్రం సాయిబుల పిల్లగా కనిపించింది. అదే గొంతు, అదే నినాదం.

"మిలిటెంట్" అనే మాట ఉంది చూశారూ, నాకు నవ్వొచ్చింది. మన బెజవాడలో లెనిన్ సెంటర్ పక్కన పెరిగిన ఎవరినైనా అడగండి, "మిలిటెంట్ పోరాటాలు చెయ్యాలి" అని అన్ని యూనియన్ల కరపత్రాల్లోనూ ఉంటుంది, అది మెచ్చుకోలు మాట. ఆర్టీసీ కార్మికుడు మిలిటెంట్‌గా పోరాడితే శభాష్ అంటారు. అదే మాట తలకి గుడ్డ కట్టుకున్న పిల్లకి తగిలించగానే అర్థం మారిపోయి పోలీస్ స్టేషన్ వాసన వస్తుంది.

గుడ్డ సంగతి కూడా అలాగే ఉంది. మే నెలలో మధ్యాహ్నం ఒంటి గంటకి బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడండి. స్కూటీల మీద ఆడపిల్లలంతా చున్నీ తలచుట్టూ తిప్పి, ముక్కు మీంచి లాగి, చెవి వెనక ముడేసి, చేతులకి మోచేతుల దాకా గ్లౌజులు, కళ్లకి చలవద్దాలు. ఒక్క అంగుళం చర్మం కనిపించదు. ఏ సుబ్బలక్ష్మో ఏ సల్మాయో వాళ్లమ్మ కూడా గుర్తుపట్టలేదు. ఎవరూ ఏమీ అనరు, ఎండ కదా. సిగ్నల్ దాటి కాలేజీ గేటు లోపలికొచ్చి స్టాండ్ వేశాక పదిమంది చున్నీ విప్పుతారు, ఒకతి విప్పదు. ఆ ఒకతి దగ్గరే అందరికీ సిద్ధాంతాలు గుర్తొస్తాయి. అన్నట్టు, మన వాళ్లు అన్నిటినీ కలిపి బురఖా అనేస్తారు గానీ, మీ అమ్మాయి కట్టేది జుట్టూ మెడా కప్పే స్కార్ఫు, ముఖం కనిపిస్తూనే ఉంటుంది. ముఖం కూడా కప్పేది నిఖాబ్. ఈ తేడా కోర్టుల్లో కూడా పట్టింపే, కాబట్టి మీరూ మాట్లాడేటప్పుడు కలిపెయ్యకండి.

కోర్టులంటే గుర్తొచ్చింది, కర్ణాటకలో జరిగింది మీ అందరి బుర్రల్లో భయంగా ఉండిపోయినట్టుంది, దాన్నొకసారి సాఫు చేద్దాం. 2021 డిసెంబరు చివర్లో ఉడుపిలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఆరుగురు అమ్మాయిల్ని స్కార్ఫుతో క్లాసులోకి రానివ్వలేదు. జనవరికి పక్క ఊళ్లలో మగపిల్లలు కాషాయ కండువాలు వేసుకుని పోటీగా వచ్చారు. ఒకే రంగు, ఒకే కొలత, కొన్నిటికి మడత కూడా పోలేదు. అవి ఆ పిల్లల మెడల్లోకి ఎవరి ఖర్చుతో వచ్చాయో నేను వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 8న గొడవలు ముదిరి బడులూ కాలేజీలూ మూసేశారు. అటువైపు కూడా అంతా అమాయకంగా ఏం లేదు. ఉడుపి అమ్మాయిల తరఫున క్యాంపస్ ఫ్రంట్ అనే సంఘం గట్టిగా మాట్లాడింది, అది పీఎఫ్ఐకి (పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియాకి) విద్యార్థి విభాగం, 2022 సెప్టెంబరులో కేంద్రం పీఎఫ్ఐతో పాటు దాన్నీ అయిదేళ్లకి నిషేధించింది. రెండు వైపులా పెద్దవాళ్లు ఉన్నారు. పరీక్షలు పోగొట్టుకున్నది మాత్రం పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లలు.

ఆ రోజుల్లోనే మా గుంటూరులో ఏం జరిగిందో చూడండి. మహాత్మాగాంధీ రోడ్డులో జిన్నా టవర్ ఉంది, మేం చిన్నప్పటి నుంచీ దాని కింద పుచ్చకాయలు కొనుక్కున్నాం, పేరెవరిదని ఎవరూ గింజుకోలేదు. 2022 జనవరిలో ఉన్నట్టుండి పేరు మార్చాలని గొడవ మొదలైంది, జెండా ఎగరేస్తామని వచ్చినవాళ్లని రిపబ్లిక్ డే నాడు పోలీసులు పట్టుకెళ్లారు, ఫిబ్రవరి మొదటి వారానికి టవర్‌కి మూడు రంగులు వేసేశారు. గొడవ సద్దుమణిగింది. పక్కనే సోడా బండి వాడు "రంగు బానే ఉందిలెండి" అన్నాడు. అంత తేలిగ్గా మనుషులకి రంగు వెయ్యలేం కదా. అదే ఫిబ్రవరిలో మీ విజయవాడలోనే ఒక కాలేజీ గేటు దగ్గర స్కార్ఫు కట్టుకున్న అమ్మాయిల్ని ఆపారు, తల్లిదండ్రులు వెళ్లి అడిగారు, అధికారులు కలగజేసుకున్నాక లోపలికి పంపారు. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడితే ఇంకో ఉడుపి కావాల్సింది కాకుండా ఆగిపోయింది. ఇది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

చట్టం ఎక్కడుందంటే, కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న హిజాబ్ మతంలో తప్పనిసరి ఆచారం కాదనీ, యూనిఫాం నియమం చెల్లుతుందనీ చెప్పింది. అది సుప్రీంకోర్టుకి వెళ్తే అక్టోబరు 13న ఇద్దరు జడ్జిలూ చెరో మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు తీర్పు సరైనదేనన్నారు, జస్టిస్ సుధాంశు ధూలియా కొట్టేశారు. తగిన బెంచి వెయ్యమని కేసుని చీఫ్ జస్టిస్ దగ్గరికి పంపారు. 2024 ఆగస్టులో ముంబై కాలేజీ ఒకటి హిజాబూ టోపీలూ వద్దని సర్క్యులర్ ఇస్తే సుప్రీంకోర్టు చాలావరకు ఆపింది, బొట్టు పెట్టుకొస్తే కూడా వద్దంటారా అని ఆ కాలేజీనే అడిగింది, అయితే క్లాసులో ముఖం కప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు కర్ణాటకకే. మీ అమ్మాయి కాలేజీ రూల్స్ పుస్తకం తెరిచి యూనిఫాం గురించి ఏం రాసుందో మీరే చదవండి, చాలామంది తండ్రులు చదవరు. యూనిఫాం ఉంటే దాని రంగులోనే స్కార్ఫు కట్టుకోమనండి, సగం పేచీ అక్కడే పోతుంది.

ఈ గొడవలన్నిటికీ ముందే, 1986లో, కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడుతున్నారు గానీ వాళ్ల నమ్మకం ప్రకారం పాడటం లేదని బళ్లోంచి తీసేస్తే, సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నేను క్లాసులో ఈ కేసు చెప్పినప్పుడల్లా వెనక బెంచీ వాళ్లు కూడా వినేవాళ్లు.

ఇప్పుడు నా సంగతి దాచుకోకుండా చెప్పాలి. నాకు వ్యక్తిగతంగా ఆడవాళ్లు తల కప్పుకోవడం నచ్చదు. ఘోషా అయినా అంతే, మా అమ్మమ్మ గుండు మీద కప్పుకున్న తెల్లచీర కొంగు అయినా అంతే. అది నా అభిప్రాయం, దాన్ని మీ అమ్మాయి నెత్తిన పెట్టే హక్కు నాకు లేదు. ముప్పై ఏళ్లు హిస్టరీ చెప్పినదాన్ని, ఇరాన్ పాఠం దగ్గర నాకు బుద్ధొచ్చింది. అక్కడ 1936లో రాజు రెజా షా ముసుగులు తీసెయ్యాలని హుకుం ఇచ్చాడు, పోలీసులు వీధిలో ఆడవాళ్ల తలమీది గుడ్డలు లాగేశారు, చాలామంది ముసలమ్మలు ఏళ్ల తరబడి గడప దాటలేదు. నలభై ఏళ్ల తర్వాత అతని కొడుకు మీద తిరగబడ్డప్పుడు, అదివరకెప్పుడూ కట్టని యూనివర్సిటీ అమ్మాయిలు కూడా కావాలని చాదర్ కప్పుకుని ఊరేగింపుల్లోకి వచ్చారు, అప్పుడది తిరుగుబాటు గుర్తు. సరే, షా పోయాడు. 1979 మార్చిలో కొత్తగా గద్దెనెక్కినవాళ్లు ఇప్పుడందరూ కట్టాల్సిందే అనగానే టెహ్రాన్‌లో వేలమంది ఆడవాళ్లు వీధిలోకొచ్చి వద్దన్నారు. వినలేదు, 1983లో కొరడా దెబ్బల శిక్షతో చట్టం చేశారు. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే ఇరవై రెండేళ్ల పిల్ల, స్కార్ఫు సరిగా లేదని పట్టుకెళ్లినవాళ్ల అదుపులో చనిపోయింది, అప్పుడు అదే యూనివర్సిటీల్లో అమ్మాయిలు వాటిని తీసి గాల్లో తిప్పారు. మన దగ్గర సరిగ్గా అదే నెలలో సుప్రీంకోర్టులో కట్టుకోనివ్వండి అని వాదనలు జరుగుతున్నాయి. టీవీలో రెండు వార్తలూ పక్కపక్కనే వచ్చేవి, మా పక్కింటాయన "అక్కడ వద్దంటారు ఇక్కడ కావాలంటారు, ఏంటండీ వీళ్ల గోల" అన్నాడు. రెండు చోట్లా పిల్లలు అడిగేది ఒకటే అని చెప్తే ఆయన బుర్ర గోక్కున్నాడు, పోనీలెండి.

అందుకని గుడ్డ విషయంలో మీరు చూసుకోవాల్సింది చిన్నదే. రేపు తనకి విసుగొచ్చి కట్టకపోతే, ఇంట్లోగానీ స్నేహితుల్లోగానీ ఆ సంఘంలోగానీ ఎవరైనా నిలదీస్తారా? నిలదియ్యరంటే అది తన ఇష్టం, వదిలెయ్యండి. చిన్నమ్మాయిని మాత్రం విడిగా కూర్చోబెట్టుకుని అడగండి, అక్క చూస్తోందని కడుతోందా, తనకే కావాలా అని. అక్క ముందు అడిగితే నిజం చెప్పదు.

సంఘం విషయం వేరు, అక్కడ మీ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. బెజవాడలో మన వయసు వాళ్లకి కాలేజీ రాజకీయమంటే ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. 70ల్లో, 80ల్లో సంఘాల పేరు మీద కులాల ముఠాలు, క్యాంటీన్ దగ్గర మాటామాటా పెరిగితే సాయంత్రానికి కత్తులు. ఎంతమంది తల్లుల కడుపుకోత. 80ల చివర్లో కాలేజీ ఎన్నికలే ఆపేశారు, ఇప్పటికీ లేవు. ఆ పిల్లలెవరి తలమీదా స్కార్ఫు లేదు, గుర్తుంచుకోండి. కాబట్టి ఏ సంఘమైనా, ఎర్రజెండా అయినా కాషాయమైనా పచ్చదైనా, మీ అబ్బాయి చేరినా అమ్మాయి చేరినా, మీరు అడగాల్సినవి అవే. మీటింగులు పగలు నలుగురిలో జరుగుతాయా, రాత్రిళ్లు ఎవరి గదిలోనో జరుగుతాయా. నడిపేవాడు ఆ కాలేజీ విద్యార్థేనా, ముప్పై అయిదేళ్లొచ్చినా ఇంకా "విద్యార్థి నాయకుడు" అనిపించుకునే రకమా. కరపత్రం అచ్చుకి డబ్బులెవరిస్తున్నారు. "నేను ఇది ఒప్పుకోను" అని లేచి చెప్పినవాళ్లని ఏం చేశారు. ఇంట్లో చెప్పొద్దు అని ఎప్పుడైనా అన్నారా. ఈ చివరిదానికి అవును అని వస్తే ఆ రోజే మానెయ్యమనండి, మాట్లాడే పనిలేదు. ఇంకో సంగతి కూడా చూడమనండి, ఫీజు ధర్నాలో వాళ్లు తనని ముందు వరసలో కూర్చోబెట్టింది గొంతు బాగుందనా, స్కార్ఫు ఉంటే కెమెరాలు వస్తాయనా. ఇది మంచి సంఘాలు కూడా చేస్తాయి భాయ్, నేనూ ఒకప్పుడు చేశాను.

పోలీసుల గురించి రెండు మాటలు. విజయవాడలో సెక్షన్ 30 (సభలకీ ఊరేగింపులకీ ముందే పర్మిషన్ తీసుకోవాలనే పోలీసు ఉత్తర్వు) ఎప్పుడు పెడతారో ఎప్పుడు తీస్తారో దేవుడికే తెలియాలి, పర్మిషన్ ఉందా అని అడక్కుండా ధర్నాకి వెళ్లొద్దనండి. పట్టుకెళ్లి సాయంత్రం వదిలేస్తే పెద్ద విషయం కాదు గానీ, ఎఫ్ఐఆర్‌లో పేరెక్కితే రేపు పాస్‌పోర్టుకీ ప్రభుత్వ ఉద్యోగం వెరిఫికేషన్‌కీ తిప్పలు. మేజిస్ట్రేటు అనుమతి ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప పొద్దుగూకాక, తెల్లవారకముందు ఆడవాళ్లని అరెస్టు చెయ్యకూడదు. సాక్షిగా అడగాలన్నా ఆడపిల్లని స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లే ఇంటికి రావాలి. ఇది మీ ఇద్దరు పిల్లలకీ, మీ ఆవిడకీ కూడా తెలిసుండాలి.

వీడియోకి గ్రూపుల్లో జవాబు రాయకండి, మీ అబ్బాయిని అసలు రాయనివ్వకండి, కుర్రాళ్ల కోపం స్క్రీన్‌షాట్ అయి తిరిగొస్తుంది. ఎవరు పంపారో, ఏ తేదీనో కనిపించేలా దాచిపెట్టుకోండి. మీరూ మీ ఆవిడా కలిసి వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలవండి, పూర్తి వీడియో ఆయనకి చూపించండి, ఆయన ఇంకొకరి నోటి నుంచి వినకముందే. ఎవరైనా పిల్ల పేరో కాలేజీ పేరో పెట్టి బెదిరిస్తే అప్పుడు సైబర్ క్రైమ్‌లో కంప్లైంట్ ఇవ్వండి. పక్క షాపు వాళ్లు మళ్లీ నవ్వితే "ఫీజు బకాయి మీ పిల్లలకి కూడా వస్తే చెప్పండి, మా పిల్ల అడిగిందిగా" అని టీ తాగించండి, ఆటోనగర్‌లో గొడవలన్నీ టీ దగ్గరే తేలతాయని మీకే తెలుసు.

"తీసేస్తే గొడవే ఉండదు" అన్న మీ అబ్బాయి మీద కోప్పడకండి, వాడు భయపడుతున్నాడు. ఒకరోజు చెల్లెల్ని వాడి బండి మీద కాలేజీ దాకా దింపమనండి. గేటు దగ్గర జనం ఎలా చూస్తారో పక్కన నిలబడి చూస్తే వాడికే కొంత తెలుస్తుంది.

నీట్ సంగతి సులువు. ఆచారం ప్రకారం తల కప్పుకునే వాళ్లని రానిస్తారు, కాకపోతే తనిఖీకి టైం పడుతుంది కాబట్టి ముందుగా రిపోర్టు చెయ్యాలని ఆ పరీక్ష నిబంధనల్లోనే ఉంటుంది. ఈ పేచీ 2016లోనే కేరళ హైకోర్టు దాకా వెళ్లింది, ముందొచ్చి మహిళా ఇన్విజిలేటర్ దగ్గర తనిఖీ చేయించుకుని హిజాబ్‌తోనే రాసుకోవచ్చని కోర్టు చెప్పింది. అప్లికేషన్‌లో దీని గురించి ఏమైనా అడిగి ఉంటే టిక్ పెట్టిందో లేదో ఈ రాత్రే చూడండి. సెంటర్ ఎక్కడ పడినా గంటన్నర ముందు గేటు దగ్గరుండండి, ఆడవాళ్లే తెర వెనక తనిఖీ చేస్తారు. మెటల్ డిటెక్టర్ దగ్గర కూత పెట్టేది స్కార్ఫు కాదు, దానికి గుచ్చిన గుండుసూదులు. పిన్నులు లేకుండా, తల మీంచి తొడుక్కునే కుట్టిన స్కార్ఫులు వన్‌టౌన్‌లో దొరుకుతాయి. ఒకటి కొనిపెట్టి, ముందే రెండు మాక్ టెస్టులు అది వేసుకునే రాయమనండి, మే నెల ఉక్కలో మూడు గంటలు చిరాకు పెడుతుందో లేదో తెలిసిపోతుంది.